చల్లారిన ఆఫర్

మా సంస్థకు వేసవి వచ్చిందని తెలియడానికి బయటికి తొంగిచూడనక్కర్లేదు. లిఫ్టులో కొత్త సూట్లు, కరిచే కొత్త బూట్లు, ముక్కూమొహం తెలియని వాళ్లకు కూడా పంచిపెట్టే చిరునవ్వులు కనిపిస్తే చాలు. లా కాలేజీల నుంచి సమ్మర్ అసోసియేట్లు దిగారన్నమాట. పెండర్‌గ్రాఫ్ అండ్ విల్ అంటే షికాగో లాయర్లలో పెద్ద పేరు. ఇక్కడ ఒక వేసవి గడిపి, చివర్లో ఉద్యోగం ఆఫర్ పుచ్చుకుని వెళ్తే చదువు అయ్యాక నేరుగా వచ్చి చేరిపోవచ్చు. ఆఫర్ రాకపోతే మాత్రం ఆ తర్వాత ఏ సంస్థ గడప ఎక్కినా మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ ఏమైంది?"

అందుకే ఆ పిల్లలు వేసవంతా ఊపిరి బిగబట్టి నవ్వుతుంటారు. మేం వాళ్లకు పని తక్కువ, తిండి ఎక్కువ పెడతాం. మధ్యాహ్నం సంస్థలో వాటా ఉన్న పార్ట్‌నర్ ఒకరు పచ్చిచేపల సుషీకి తీసుకెళ్తే, సాయంత్రం ఇంకొకరు స్టేక్‌కి. వారాంతంలో సరస్సు మీద పడవ షికారు. ఆ తర్వాత ఒక్కొక్కరి మీద ఒక నివేదిక రాస్తాం. డేకేర్ వాళ్లు మా పాపతో పాటు ఇంటికి పంపే చీటీకీ దీనికీ పెద్ద తేడా ఉండదు. బాగా తింది. అందరితో కలిసి ఆడుకుంది. ఎవరినీ కొరకలేదు.

నేను రసాయనశాస్త్రం చదివి, ఇక్కడి లాయర్లకు సైన్సు విప్పి చెప్పే ఉద్యోగం చేస్తున్నాను. ఆ వేసవి నా పక్క గదిలో థియా లిండ్‌క్విస్ట్‌ను కూర్చోబెట్టారు.

థియాది మిషిగన్ రాష్ట్రం పై కొసన ఉన్న ఎస్కనాబా. తండ్రి పడవ మోటార్లు బాగుచేస్తాడు, తల్లి స్కూలు బస్సు నడుపుతుంది. మోటారు బాగవుతుందా అని ఎవరైనా అడిగితే వాళ్ల నాన్న "అవుతుంది" అంటాడు, లేదా "పారెయ్" అంటాడు. మూడో జవాబు ఆ ఇంట్లో పుట్టలేదు. థియా హైస్కూల్లో ఉన్నప్పటి నుంచే వీధిలో వాళ్లు ఇన్సూరెన్సు కాగితాలు, అద్దె కాగితాలు పట్టుకొచ్చేవారు. ఆ సన్నక్షరాలన్నీ చదివి, "సంతకం పెట్టకండి" అనో "పెట్టేయండి" అనో చెప్పేది. దీన్నే లాయర్ పని అంటారని ఎవరో చెబితే, నమ్మి లా కాలేజీలో చేరింది. మొదటిరోజు సుషీ ముందు కూర్చుని, "దీన్నిప్పుడు వాళ్లు వండి తెస్తారా, మనమే వండుకోవాలా?" అని మెల్లగా నన్నడిగిన మనిషి.

చాలా విందుల తర్వాత ఆమెకొక పని దొరికింది. ఇచ్చినవాడు రోలండ్ ఫెస్లర్, పెద్ద పార్ట్‌నర్. ఆయన క్లయింట్ వాండా క్షెమిన్‌స్కాకు బంగాళదుంప కూరి కజ్జికాయల్లా మడిచే పియెరోగీలు చేసే ఫ్యాక్టరీ ఉంది. కొత్త డబ్బాల మీద "చేత్తో చేసినవి" అని అచ్చు వేయించవచ్చా అన్నది ఆవిడ ప్రశ్న. పిండి కలిపేది యంత్రం, కూరేది యంత్రం, అంచులు నొక్కేది యంత్రం. మనిషి చెయ్యి తగిలేది డబ్బాలో సర్దేటప్పుడే.

మా దగ్గర క్లయింట్ ప్రశ్నకు జవాబుగా రాసే ప్రతి మెమోలోనూ "సంక్షిప్త సమాధానం" అని ఒక శీర్షిక ఉంటుంది. థియా దాని కింద ఒక మాట రాసి చుక్క పెట్టింది: "కుదరదు."

ఆ కాగితం పట్టుకుని సీనియర్ అసోసియేట్ ట్రెవర్ థియా గదికి పరుగున వచ్చాడు. నా గదిలోకి గోడ అవతలి మాటలన్నీ వినబడతాయి.

"థియా, ఏంటిది?"

"మెమో."

"అది కనబడుతోందిలే. సంక్షిప్త సమాధానం కింద ఒక్క ముక్కేనా? మిగతాది ఏది?"

"సంక్షిప్తం అని రాసుంది కదా."

"అమ్మా తల్లీ, అది పేరు! హాట్‌డాగ్‌లో కుక్క ఉంటుందా? ఇదీ అంతే. కనీసం సగం పేజీ ఉండాలి."

"కానీ నిజంగానే కుదరదుగా, ట్రెవర్."

"కుదరదని నాకు తెలీదా? తెలిసినట్టు రాయకూడదు. రేపు ఇంకెవడో అదే మాట వేసి, కోర్టులో గెలిచి కూర్చుంటే మన మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

థియా మళ్లీ కూర్చుంది. తిరగరాసిన మెమోలో మొదటి వాక్యం ఇలా వచ్చింది: "సదరు మాటను వాడటం పూర్తిగా నిషిద్ధం కాదని వాదించే అవకాశం లేకపోలేదు, అయితే ఆ వాదన అన్ని సందర్భాల్లోనూ నిలవదని చెప్పలేకపోవడం కూడా సాధ్యం కాకపోవచ్చు." ట్రెవర్ అది చదివి పొంగిపోయాడు. "ఇదిగో, ఇప్పుడు లాయర్‌లా ఉన్నావ్!" ప్రయోగశాలలో మేమూ అనిశ్చితిని రాసి చూపిస్తాం. కాకపోతే పని చేసేకొద్దీ మాది తగ్గుతుంది, వీళ్లది పెరుగుతుంది.

ఫెస్లర్ ఆ మెమోను లిఫ్టు దిగేలోపు చదివాడు. కాబట్టి "పూర్తిగా నిషిద్ధం కాదని" దాకా చదివాడు. అదే నమ్మకంతో వాండాకు స్పీకర్ ఫోన్ కలిపాడు. గదిలో ఆయన, ట్రెవర్, థియా, యంత్రం గురించి అడిగితే చెప్పడానికి నేను.

"మొత్తం మీద మాకేం ఇబ్బందిగా అనిపించట్లేదు, వాండా," అన్నాడు ఫెస్లర్.

"మీకు ఇబ్బంది లేదు, బావుంది. నాకు వస్తుందా?"

"అది ఒక్క మాటలో తేల్చేది కాదు కదా."

"మీ మెమో చదివానయ్యా, రోలండ్. అర్థం కాక మా ఆయన్ని కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించా. నిద్రపోయాడు. ఎవరు రాశారిది?"

"మా సమ్మర్ అసోసియేట్, థియా. చాలా చురుకైన పిల్ల. ఇక్కడే ఉంది."

"థియా, ఏమ్మా, నువ్వు చెప్పు. డబ్బా మీద ఆ మాట వేయించనా, వద్దా?"

ట్రెవర్ బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లిస్తూ థియా కళ్లలోకి చూశాడు. "రోలండ్ గారు చెప్పినట్టే" అంటే సరిపోయేది. ఆఫర్ పదిలంగా ఉండేది. థియా చెవుల దాకా ఎర్రబడింది.

"వద్దండీ," అంది.

"ఎందుకని?"

"చేత్తో చేయట్లేదు కాబట్టి."

స్పీకర్‌లోంచి వాండా పడీపడీ నవ్వింది. "మా అమ్మా ఇదే అంది. ఆవిడైతే ఫీజు తీసుకోదు. సరే రోలండ్, ఉంటాను."

ఫెస్లర్ థియాను ఒక్క మాట అనలేదు. "బాగా మాట్లాడావ్," అని భుజం తట్టి వెళ్లిపోయాడు. మా దగ్గర తిట్టారంటే ఆశ ఉన్నట్టు. ఆ వారం నివేదికలో "సూక్ష్మ విషయాల్లో ఇంకా ఎదగాలి" అని రాశారు. ఆ తర్వాత ఎవరూ థియాను భోజనానికి పిలవలేదు. ఇక్కడ చెడు కబురు ముందు కడుపుకే తెలుస్తుంది.

కింద క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని ట్యూనా శాండ్‌విచ్ కాగితం విప్పుతూ అడిగింది: "నా పని అయిపోయినట్టేనా?"

"ఏమో, థియా..."

"మీరూ ఏమో అంటే ఎలాగండీ!"

"అయిపోయినట్టే," అన్నాను.

తల ఊపింది. శాండ్‌విచ్ పక్కన పెట్టేసింది. "మా అమ్మ ఊరంతా చెప్పేసింది. బస్సులో ఒకటో క్లాసు పిల్లలకు కూడా. వాళ్లు నాకు బొమ్మలు వేసి పంపారు, నల్లకోటు వేసుకుని ఉంటాను వాటిల్లో," అంది. ఆ తర్వాత కాగితపు రుమాలు కళ్లకు అడ్డంపెట్టుకుంది. నాకు ఓదార్చడం చేతకాక నా చిప్స్ ప్యాకెట్టు ఆమె వైపు జరిపాను.

ఏటా సమ్మర్ అసోసియేట్లందరికీ ఆఫర్లు ఇచ్చామని కాలేజీలకు చాటుకోవడం మా సంస్థకు అలవాటు. అక్కర్లేని మనిషి ఒకరు తేలితే ఆ గొప్ప పోతుంది. అందుకని అలాంటివాళ్లకు చల్లారిన ఆఫర్ ఒకటి ఇస్తారు. ఉత్తరం అందరిదీ ఒకటే. నోటితో మాత్రం ఇంకో సంగతి చెబుతారు: తీసుకో, వచ్చిందని అందరికీ చెప్పుకో, రాకు. ఇద్దరి పరువూ దక్కుతుంది. ఇన్నేళ్లలో దీనికి ఎదురు చెప్పినవాళ్లు లేరు.

చివరిరోజు థియాను పిలిచారు. ఫెస్లర్, పక్కన నియామకాలు చూసే డెనీస్. అయిన పది నిమిషాలకల్లా థియా నా గుమ్మంలో నిలబడి అంతా చెప్పింది.

"థియా, నీకు ఆఫర్ ఇస్తున్నాం," అని ఫెస్లర్ ఉత్తరం చేతికిచ్చాడట. "అయితే నీ స్వభావానికి ఇంకో చోటు ఎక్కువ నప్పుతుందని మా అభిప్రాయం. ఎవరు అడిగినా ఇచ్చామనే చెప్తాం. నువ్వూ అలాగే చెప్పుకోవచ్చు."

"చాలామందికి ఈ ఏర్పాటు నచ్చుతుంది," అంది డెనీస్.

"ఇది నిజం ఆఫరేనా?" అని అడిగింది థియా.

తను సంతకం పెట్టిన ఉత్తరం ఉత్తదని సాక్షి ముందు ఏ లాయరూ అనడు. "నిజమే," అన్నాడు ఫెస్లర్.

"అయితే ఒప్పుకుంటున్నా. థాంక్స్."

"తొందరేం లేదు. నిదానంగా ఆలోచించుకో."

"ఆలోచించానండీ. వస్తాను." లేచి ఇద్దరికీ గట్టిగా చెయ్యి కలిపి వచ్చేసిందట.

నాకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. "వాళ్ల ఉద్దేశం నీకు అర్థం కాలేదా?" అన్నాను.

"ఎందుకు కాలేదు, నేనేం చిన్నపిల్లనా?" ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది. "రావద్దని నోరు తెరిచి అనమనండి, ఇప్పుడే వెళ్లిపోతా."

ఆ ఒక్క మాట ఎవరు, ఎలా అనాలో తేల్చడానికి పై అంతస్తులో మీటింగుల మీద మీటింగులు జరిగాయి. ట్రెవర్ చేత మెమో రాయించారు. అన్నా అనకపోయినా ఇబ్బంది లేకపోలేదని తేలింది. చలికాలం వచ్చినా ఎవరూ అనలేదు. మరుసటి ఏడాది చదువు ముగించుకుని థియా వచ్చేసరికి తలుపు మీద పేరు, లోపల బల్ల సిద్ధంగా ఉన్నాయి. ఫెస్లర్ లిఫ్టులో కలిస్తే ఆమెతో వాతావరణం గురించి చాలా వివరంగా మాట్లాడతాడు. వాండా మాత్రం ఆయనకు ఫోన్ చేయడం మానేసి, నేరుగా థియాకే చేస్తోంది.