చొక్కా కింద పిస్తోలు

సూరత్‌లో మా పక్కింటి కాక ఒకప్పటి సైనికుడు, ఓ సేఠ్‌కు కాపలా మనిషి. లైసెన్సున్న పెద్ద పిస్తోలు నడుముకు దోపుకుని, అది కనబడకుండా వదులు చొక్కాను మాటిమాటికీ కిందికి లాక్కునేవాడు.

లాక్‌డౌన్‌లో మగ్గాల చప్పుడు ఆగిపోయి, మేముండే అమ్రోలి పేట అంతా నిద్రలో నడుస్తున్నట్టుండేది. ఓ పొద్దున రేషన్ వరుసలో తోపులాట జరిగింది. ఎవరో విసిరిన రాయి కాక నుదుటికి తగిలింది. నెత్తురు కారుతున్నా ఆయన రెండు చేతులూ తలమీద పెట్టుకుని, కల కంటున్నవాడిలా కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

ఇంటి దగ్గర గాయం తుడుస్తూ అమ్మ అడిగింది: "జర పక్కకు జరగకపోయినవా?"

"చేతులు కిందికి దించితే ఏం జేస్తనో అని నాకే భయమైంది వదినె."

ఎవరూ ఎవరినీ తాకని ఆ రోజుల్లో, అమ్మ ఆ చేతులు పట్టుకుని చాలాసేపు కూర్చుంది.