చూపు ఉండగానే

ఈ రోజు తిరువళ్ళూరులో కంటి డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఒక కంటికి చూపు ఇక రాదట, రెండోదీ మెల్లగా పోతుందట. అంత తీరిగ్గా ఎలా చెప్తారండీ ఆ మాట! నేత పని మాని మగ్గం దిగాకే నేను పుస్తకం పట్టాను. కథలు, చరిత్ర, సైన్సు, దొరికినదల్లా చదివి, ఈ వయసులో కొత్తగా ఆలోచించడం నేర్చుకున్నాను. ఇప్పుడు అదీ పోవాలా?

తిరుత్తణికి తిరిగొస్తూ రైల్లో మా ఆవిడతో అన్నాను: "ఆ పుస్తకాలన్నీ ఎవురికన్నా ఇచ్చేద్దాం. మనింట్లో అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే, చదివేవాళ్ళు యాడుండారు?"

నేను తప్ప, ఆమెతో సహా ఇంట్లో అందరూ తమిళ బడిలో చదివినవాళ్ళే.

ఆమె నా వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆ కన్ను ఉండగానే నాకు నేర్పియ్యి. అది పోయినా, ఆమైన నేను చదివి వినిపిస్తా."

ఇంటికి రాగానే, నేను చెప్తుంటే, వాకిట్లో ముగ్గుపిండితో నాకు కనిపించేంత పెద్ద 'అ' వేసింది. దాని వంకర చూసి నవ్వబోయి, వంగి వేలితో దిద్దాను.

అరవై దాటాక తెలుగు చదవడం నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఎన్నాళ్ళు పట్టిందో చెప్పండి. కాస్త తగ్గించి చెప్పినా పరవాలేదు.