ఠీక్ అంటేనే కదిలే గుర్రం

మొన్న ఇంద్రేశంలో పెళ్లి బరాత్ గుర్రం పక్కనుంచి పోతుంటే, ఆ చెమట వాసనకు మా నాయన గుర్తొచ్చాడు.

"మీ నాయన పెళ్లిళ్లకు గుర్రం తోలెటోడంట గదనే నానమ్మా?" అన్నాడు మనవడు. ఒళ్లు మండింది. నాకు రాయరాదు, వాడితోనే ఇది రాయిస్తున్నాను.

మా నాయన లైన్‌మన్. కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో గుర్రమెక్కి ఊరూరా తీగలు చూసేవాడు. గుర్రం ప్రతి స్తంభం కిందా ఆగేది. నాయన పైకి చూసి, తీగ బాగుందని "ఠీక్" అంటేనే కదిలేది.

ఒక్కసారి, కాదనలేక, పటేలు కొడుకు పెళ్లికి గుర్రాన్ని ఇచ్చాడు. పెళ్లికొడుకుతో సహా స్తంభం స్తంభానికీ ఆగింది.

"గీ గుర్రం స్తంభాలకు మొక్కుతదా ఏందన్నా?" అని ఒకటే నవ్వులు. నాయన వెంట నడుస్తూ ప్రతిచోటా "ఠీక్" అన్నాడు.

మా ఈడువాళ్లారా, వానల్లో ఆయన తెచ్చిన వెలుగు మరిచి, ఆ ఒక్క పెళ్లే గుర్తుపెట్టుకున్నారా?

మొన్నటి గుర్రం ఒక్క స్తంభం దగ్గరా ఆగలేదు. పెళ్లి గుర్రమంటే అదీ.