కానుక కవరు మీద ఫిర్యాదు

మా వెబ్‌సైట్ చాలా అందంగా ఉందని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందంగానే ఉంటుంది, కాదనను. తెరవగానే తెల్లవారుజాము సముద్రం ఫొటో, దాని మీద మూడు బటన్లు. యాప్ దించుకోండి. పదిమందికి పంపండి. కానుక ఇవ్వండి. ఆ మూడోది బంగారు రంగులో, మిగతా రెండింటికంటే పెద్దగా ఉండేది. యాప్‌లో తప్పు కనబడితే ఎక్కడ చెప్పాలో మాత్రం ఆ పేజీలో ఎక్కడా ఉండేది కాదు. మూలనున్న మూడు గీతలు నొక్కాలి. కిందికి జరుపుకుంటూ పోయి ‘డెవలపర్ల కోసం’ అన్నది నొక్కాలి. అక్కడినుంచి అంతా ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషులో ఇంకో సైటుకు దారి వెతుక్కుని, అక్కడ ఖాతా తెరిచి, మెయిల్‌కు వచ్చిన అంకెలు కొట్టి, అప్పుడు ఫారం నింపాలి. ఇన్ని గడపలు దాటాక కూడా మనిషికి తప్పు చెప్పే ఓపిక మిగిలి ఉంటే ఆ మనిషికి శాలువా కప్పాలి.

అది మా చర్చీల్లో పాడుకునే పాటల యాప్. డబ్బుకు అమ్మేది కాదు. ఓపెన్ సోర్స్, అంటే దాని లోపలి రాతంతా అందరి ముందూ తెరిచి పెట్టి ఉంటుంది, తెలిసినవాళ్ళెవరైనా బాగుచేయవచ్చు. వేర్వేరు ఊళ్ళలో ఉన్న కొంతమందిమి ఖాళీ వేళల్లో ఉచితంగా చేస్తాం. నేను చిట్టమూరు మండలంలో మా ఊళ్ళోనే ఉండి ఒక చెన్నై కంపెనీకి పనిచేస్తాను. ఈ ప్రాజెక్టులో నా వంతు తెలుగు పేజీల రాత, పాటల్లో అచ్చుతప్పులు. ఇంకేది మార్చాలన్నా దీన్ని మొదలుపెట్టినతను ఒప్పుకోవాలి. హైదరాబాదులో ఉంటాడు, నాకంటే చిన్నవాడు, చాలా మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాద వింటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మా దగ్గర పాటను మొదటి మాటతో చెప్పరు, నంబరుతో చెబుతారు. ఒకప్పుడు పాస్టరు గారు నంబరు అనగానే అందరం పుస్తకాలు తిరగేసేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లు తీస్తున్నాం. కొందరికి సొంత నంబరు కూడా ఉంటుంది. మా మామకు, అంటే మా నాన్న చెల్లెలి భర్తకు, నాలుగు వందల పన్నెండు. పుస్తకంలో భూస్థాపన పాటల్లో, అంటే సమాధి దగ్గర పాడేవాటిలో, అది ఆఖరుది. “నన్ను దించేటప్పుడు నా నంబరు పాడండి” అని క్రిస్మస్ పూట బిర్యానీ ముందు కూర్చుని కూడా చెప్పేవాడు. “నోరు మూసుకోని తినవయ్యా” అని అత్త కసిరేది.

మామ చిల్లకూరు దగ్గర హైవే పక్కన భోజన హోటల్ నడిపి, మోకాళ్ళు అరిగాక మూసేసి ఊరికి వచ్చాడు. ఆ హోటల్లో డబ్బులు కట్టే బల్ల వెనక ఒక బోర్డు ఉండేది. బాగుంటే నలుగురికి చెప్పండి, బాగలేకపోతే మాకు చెప్పండి. చాలా హోటళ్ళలో ఉండే మాటే. కాకపోతే మామ దాన్ని అలంకారానికి పెట్టలేదు. తిన్నవాడు జేబులో చెయ్యి పెట్టే చోట, సరిగ్గా కళ్ళకెదురుగా పెట్టాడు. సాంబారులో ఉప్పెక్కువైందని లారీ డ్రైవర్లు మొహాన్నే తిట్టేవాళ్ళు. మామ తిరిగి తిట్టేవాడు. తిట్టి, లోపలికి పోయి, గరిటెతో సాంబారు అరచేతిలో వేసుకుని చూసేవాడు.

ఒకసారి యాప్ కొత్తగా మార్చినప్పుడు, ఒకే పాట పుస్తకంలో రెండు చోట్ల ఉందని చెప్పి మావాళ్ళు ఒకదాన్ని తీసేశారు. దాంతో ఆ తర్వాతి పాటల నంబర్లన్నీ యాప్‌లో ఒక్కొక్కటి తగ్గిపోయాయి. పుస్తకంలో నాలుగు వందల పన్నెండు భూస్థాపన పాట. యాప్‌లో అదే నంబరు కొడితే దాని పక్క పాట వచ్చేది. అది పెళ్ళి పాటల్లో మొదటిది.

ఆదివారం ఆరాధనలో పుస్తకాల వాళ్ళు ఒక పాట, ఫోన్ల వాళ్ళు ఇంకో పాట ఎత్తుకుంటే కీబోర్డు వాయించే ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. చివరికి మా పాస్టరు గారు నంబరు చెప్పిన ప్రతిసారీ “ఫోన్లో చూసేవాళ్ళు ఒకటి తగ్గించుకోండి” అనడం అలవాటు చేసుకున్నారు. జనం నవ్వుకున్నారు, తగ్గించుకున్నారు, సర్దుకుపోయారు. మనవాళ్ళు దేనితోనైనా సర్దుకుపోతారు. ఆ గుణం చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది.

మామ సర్దుకుపోలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, ఫోను నా ముందు పెట్టాడు.

“పాపా, ఈ యాప్ వాళ్ళల్లో నువ్వూ ఉండావు గదా. ఈళ్ళకి ఇంకా ఎన్నిసార్లు చెప్పాల?”

“ఏడ చెప్పినావు మామా?”

“ఏడ చెప్పాల్నో నాకేం తెలుసు? అంతా ఎతికినా. రాసేదానికి చోటు ఒక్కటే కనపడింది. ఆడనే రాస్తా ఉండా.”

చూపించాడు. ‘కానుక ఇవ్వండి’ నొక్కితే వచ్చే పేజీలో, అన్నిటికంటే కింద, ‘మీ సందేశం’ అని చిన్న గడి ఉంది. మా చర్చిలో కృతజ్ఞత కానుక వేసేవాళ్ళు కవరు మీద కారణం రాస్తారు. పాప పాసయిందనో, జ్వరం తగ్గిందనో, ఫలానా వాళ్ళ కోసం ప్రార్థన చేయమనో. పాస్టరు గారు ప్రతి కవరూ పైకి చదువుతారు. మామ ఆ పద్ధతిలోనే పోయాడు. కానుక తీసుకున్నవాళ్ళు కవరు చదవకుండా ఎట్లా ఉంటారనుకున్నాడు. డబ్బు వేస్తే తప్ప ఆ గడిలో రాసింది పోదు. అందుకని వారం వారం పది రూపాయలు వేసి, తప్పు రాశాడు. “అయ్యా, 412 కొడితే పెండ్లి పాట వస్తావుంది. దయచేసి పుస్తకం చూసి సరిచేయగలరు. వందనములు.” ప్రతిసారీ ఇవే మాటలు. ప్రతిసారీ రెప్పపాటులో జవాబు. మీ ప్రేమపూర్వకమైన కానుకకు వందనములు, దేవుడు మిమ్మును దీవించును గాక.

“మంచోళ్ళే పాపా. ఎప్పుడు రాసినా వందనాలు చెప్తారు. పనే చెయ్యరు.”

వందనాలు చెబుతున్నది మనిషి కాదని, డబ్బు పడగానే యంత్రం దానంతటదే పంపుతుందని చెప్పాను. మామ మొహం చిన్నబోయింది. ఇన్నాళ్ళూ అవతల ఎవరో ఉన్నారనుకుని ఎంత మర్యాదగా రాశాడో నేను చూశాను. ఆ క్షణాన నాకు పట్టిన కోపం ఇంతవరకూ దిగలేదు.

“సరే, నువ్వన్నా చెప్పు. నేను పొయ్యేలోపల సరిచేపియ్యి. లేకుంటే నన్ను పెండ్లి పాటతో పూడుస్తారు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ అప్పటికే ఆయనకు డయాలసిస్ మొదలైంది. నెల్లూరు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం నల్లబడి వస్తున్నాడు. నవ్వు పై పైన పెట్టుకున్నదే, అడిగింది మాత్రం నిజంగా అడిగాడు.

నంబర్లు సరిదిద్ది పంపాను. తప్పు చెప్పే బటన్ మొదటి పేజీలో పెట్టాలని కూడా రాశాను. తర్వాతి వీడియో మీటింగులో ఆ హైదరాబాదు అతను, మా ప్రాజెక్టు పెద్ద, తన మర్యాదంతా తీసుకుని వచ్చాడు.

“అక్కా, ఇప్పుడు నంబర్లు మారిస్తే, ఇష్టమైన పాటలు దాచుకున్నవాళ్ళకు అవి తారుమారవుతాయి. అసలు ఈ సమస్య ఎంతమంది చెప్పారు?”

“చెప్పడానికి చోటుంటే కదా తమ్ముడూ చెప్పేది?”

“చోటుందక్కా. మెనూలో ఉంది కదా.”

“మా మామ మీ కానుక పేజీలో వారం వారం రాస్తున్నాడు. అవి ఎవరు చదువుతున్నారు?”

ఆ గడిలో పడేవి ఎవరూ చూడరట. చూడాలని ఎవరికీ తోచలేదట. “డబ్బులిచ్చి మరీ బగ్ చెప్పాడా పెద్దాయన!” అని ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు ఇంకో ఇద్దరు కలిశారు.

“మొదటి పేజీలో పెడితే అడ్డమైనవన్నీ వస్తాయక్కా. ఫోను చార్జింగ్ ఎక్కట్లేదని కూడా మనకే రాస్తారు. అయినా ఇప్పటిదాకా మనకు వచ్చిన ఫిర్యాదులే చాలా తక్కువ. అంటే యాప్ బాగున్నట్టే కదా?”

తలుపు పెట్టకుండా ఇల్లు కట్టుకుని, ఎవరూ తలుపు తట్టడం లేదు కాబట్టి ఊరంతా క్షేమమే అంటున్నాడు. ఈ మాటే అతనితో అన్నాను, ఇంకా గట్టిగా అన్నాను. “చూద్దాం అక్కా” అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా అదే చూద్దాం. నేను సరిచేసి పంపిన నంబర్లు అతని ఆమోదం కోసం అలాగే పడి ఉన్నాయి. మామ మాత్రం నెల్లూరు నుంచి వచ్చిన ప్రతిసారీ ఫోను తీసి నాలుగు వందల పన్నెండు కొట్టి చూసుకునేవాడు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపేవాడు. నాలుగు తిట్లు తిట్టినా నాకు హాయిగా ఉండేది.

వానలు మొదలుకాకముందే మామ పోయాడు.

మా సమాధుల తోట సరుగుడు తోపు వెనక, ఇసుకలో ఉంటుంది. ఇసుకలో తవ్విన గుంట ఎక్కువసేపు నిలవదు, అంచులు జారుతుంటాయి. అందుకని పాట మొదలవగానే పెట్టె దించేస్తారు. జువ్వలదిన్నె నుంచి మామ అన్న కుటుంబం వచ్చింది, వాళ్ళతో వాళ్ళ పాస్టరు గారూ వచ్చారు. దూరం నుంచి వచ్చిన పాస్టరుకు పాట ఎత్తుకునే వంతు ఇవ్వడం మర్యాద. మా పాస్టరు గారు నాలుగు వందల పన్నెండు అని చెప్పి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. ఒకటి తగ్గించుకోమనడం ఆ పూట ఆయనకు గుర్తు రాలేదు. యాప్ వచ్చాక సమాధుల దగ్గరికి పుస్తకాలు తెచ్చే అలవాటు పోయింది. జువ్వలదిన్నె పాస్టరు గారు ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఏడుపు గొంతుతో, సాగదీస్తూ పెళ్ళి పాట ఎత్తుకున్నారు.

ఆ పాట మొదట్లో అంతా దేవుని దీవెన అడిగే మాటలే, అందుకే ఆయన గమనించలేదు. బయటి ఊళ్ళవాళ్ళు ఫోన్లు చూసి గొంతు కలిపారు. మా ఊరివాళ్ళు ముందు తికమకపడ్డారు, తర్వాత కొందరు గుర్తున్నంత వరకు అసలు పాట మొదలుపెట్టారు. రెండు పాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వధువు, వరుడు అన్న మాటలు వచ్చేసరికి పెట్టె తాళ్ళ మీద సగం లోపల ఉంది. నేను అత్తను పట్టుకుని నిలబడి “ఆపండి! అది పెండ్లి పాట!” అని అరిచాను. ఆ పాస్టరు గారు ఫోను వంక చూసి పాట ఆపేశారు, మిగతావాళ్ళూ ఆపేశారు. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఆపలేకపోయారు. ఇసుక జారుతోంది. పెట్టె అడుక్కు తగిలిన చప్పుడు పాటేదీ లేని నిశ్శబ్దంలో వినిపించింది.

ఆ తర్వాత మా పాస్టరు గారు అసలు పాట ఎత్తుకున్నారు. అందరూ పాడారు, బాగా పాడారు. అప్పటికి గుంట పూడ్చేస్తున్నారు. అత్త పెదవి కదపలేదు. పాట అయిపోయాక నాకు మాత్రమే వినబడేటట్టు అంది.

“దించేటప్పుడు పాడమన్నాడు పాపా. పూడ్చినాక కాదు.”

ఆమె గొంతులో కోపం లేదు. ఆమెకు రావాల్సిన కోపం కూడా నాకే వచ్చింది. ఇంటికొచ్చి, తల స్నానం చేసి, తడి జుట్టుతోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెలుగు పేజీ రాత నా చేతిలోదే, బటన్లు కూడా అందులోనే ఉంటాయి. ఎవరినీ అడగలేదు. బంగారు రంగు బటన్ మీద ‘కానుక ఇవ్వండి’ తీసేసి, ‘తప్పు కనబడిందా? ఇక్కడ చెప్పండి’ అని రాశాను. నొక్కితే ఒకే ఒక గడి. ఖాతా అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. రాసిందల్లా అందరూ చూసే పేజీలో పడుతుంది, సమస్య తీరిందని మేము మూసేదాకా తెరిచే ఉంటుంది. కానుక లింకును తీసుకెళ్ళి మెనూలో, డెవలపర్ల కింద పెట్టాను. ఇవ్వాలనుకున్నవాళ్ళు వెతుక్కుంటారులే అనుకున్నాను.

మా పెద్ద వెంటనే ఫోన్ చేశాడు. “ఏంటక్కా ఇది, ఒక్క మాట చెప్పకుండా...”

“చెప్పడానికి చోటు దొరకలేదు తమ్ముడూ” అని పెట్టేశాను.

ఇక ఫిర్యాదులు వచ్చాయి. ఏ ఊరినుంచి చూసినా నంబర్ల గొడవే. కొందరు ఒకటి తగ్గించుకుంటున్నారట, కొందరు యాప్ తీసేశారట, ఒకావిడ తన పుస్తకంలోనే నంబర్లు కొట్టేసి పెన్నుతో కొత్తవి వేసుకుందట. చార్జింగ్ ఎక్కడం లేదని కూడా ఒకాయన రాశాడు. వైరు మార్చి చూడండి అని జవాబిచ్చాను, ప్రాణం పోలేదు. మా పెద్ద ఇంక చూద్దాం అనలేకపోయాడు. నంబర్లు సరయ్యాయి. బటన్ కూడా తీయలేకపోయాడు. అత్తకు చెబితే చేటలో బియ్యం ఏరుతూ “ఊ” అంది. అంతే.

తర్వాత ఒకరోజు అత్త మామ ఫోను పట్టుకుని వచ్చింది. “ఏందో వచ్చింది పాపా. ఏం రాసినారో చదువు.”

చదివాను. ప్రియ సహోదరా, కొంతకాలంగా మీ కానుక మాకు అందలేదు. మీరు మాకు ఎల్లప్పుడూ జ్ఞాపకమున్నారు. కింద బంగారు రంగు బటన్, ఒక్కసారి నొక్కితే చాలు. ఇదీ యంత్రం పంపిందే. ఫోను గోడకేసి కొడదామన్నంత కోపం వచ్చింది, మామ ఫోను కాబట్టి ఆగాను. అత్త నా మొహం చూసి, పక్కన కూర్చుంది.

“చెప్పేదానికి చోటు పెట్టినావంట గదా. దాంట్లో రాయి. నేను చెప్తా.”

ఆమె చెప్పింది, నేను ఒక్క అక్షరం మార్చకుండా కొట్టాను.

“ఆయన చచ్చిపోయినాడు. ఆయన వారం వారం రాసింది మీకు కనపళ్ళా. మీకు చెప్పేదానికి మాకు దారి దొరకలా. కానుక అడిగేదానికి మా ఇల్లు మీకు ఎట్ట దొరికింది?”

అది అందరూ చూసే ఆ పేజీలో ఉంది. మొన్న మా పెద్ద మళ్ళీ ఫోన్ చేసి, ఎప్పటిలాగే మర్యాదగా, నంబర్ల సమస్య తీరిపోయింది కదక్కా, ఆ ఫిర్యాదు కూడా మూసేద్దామా అని అడిగాడు. ఆమె అడిగినదానికి నువ్వు జవాబు రాయి, మూసేస్తాను అన్నాను. ఇంకా తెరిచే ఉంది.