అరచేతికి తెలిసిన కారు

మా ఇంటి ఓనరు పెద్దమ్మ పోయారన్న కబురు ఆఫీసు ఫోన్లో తెలిసింది. వాళ్లాయన, పెద్దనాన్నే చేశారు. "పొద్దున చాయ్ తాగి పండుకున్నదమ్మా. ఇగ లేవలే," అన్నారు. బయటికొచ్చి నిలబడ్డాను. మాదాపూర్ గుట్టల మీద ఎండా వానా కలిసి పడుతున్నాయి.

కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి, నల్లగండ్లలో వాళ్ల మేడమీద గదిలో కిరాయికి దిగాను. ఈ ఊళ్లో నాకు మొదట దొరికిన మనిషి ఆమె. పెళ్లయిన కొత్తలో వచ్చిన విషజ్వరానికి పెద్దమ్మకి వినికిడి పోయింది. ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకునేవారు. మిగతా లోకమంతా ఆమెకి చేతుల్లోంచీ పాదాల్లోంచీ వచ్చేది. కొత్త రోడ్ల కోసం ఎక్కడో బండలు పేలిస్తే, చప్పుడు నా చెవిని చేరేలోపే వంటింట్లోంచి "మళ్ల పేల్చిన్రు" అనేవారు. నాకు ఒళ్లు వెచ్చబడ్డా, నా మోపెడ్ మొరాయించినా ఒకటే మాట: "చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తది."

వాళ్ల షెడ్డులో నవాబుల కాలంనాటి విలాయతీ కారు ఉండేది. పెద్దమ్మ తండ్రి ఒక నవాబుగారి దేవిడీలో, అంటే పెద్ద బంగళాలో, డ్రైవరుగా దాన్ని నడిపేవారట. పాడై మూలపడ్డాక ఆయనకే ఇచ్చేశారు. బాలానగర్‌లో గేర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దనాన్న దానికి మళ్లీ ప్రాణం పోశారు. కానీ కదిలితే చాలు గేర్లు మూలిగేవి, ఒళ్లంతా వణికేది.

"కొత్తల గిది పోతుంటే సీట్ల పండుకున్న పిల్లి గూడ లేవకపోతుండెనంట. మా మామ చెప్తుండె. మళ్ల గట్లనే చేస్త," అనేవారాయన.

ఆదివారాలు ఆయన నడిపేవారు. పెద్దమ్మ వెనక సీట్లో ఒక అరచెయ్యి తలుపుకీ, ఇంకోటి సీటుకీ ఆనించి కళ్లు మూసుకునేవారు. చప్పుడు ఆయన పట్టేవారు. వణుకు ఎక్కడ పుడుతుందో ఆమె చెప్పేవారు. "గీడ చీమలు పాకినట్టున్నది," అన్నచోట వెతికితే, ఇంజను నుంచి వెనక చక్రాలకు వెళ్లే పొడుగాటి షాఫ్టు ఒకపక్కకి బరువు తూగుతోందని తేలింది. దాన్ని సరిచేశారు. మూలుగు పోవాలని గేర్ల పళ్లు ఏటవాలుగా కొత్తవి కోయించారు. వణుకు పైకి రాకుండా ఇంజను కిందా సీట్ల కిందా రబ్బరు దిమ్మలు వేశారు.

ఒక ఆదివారం నన్నూ ఎక్కించుకున్నారు. కారు నీళ్లమీద పడవలా సాగింది. పెద్దనాన్న మాటిమాటికీ అద్దంలో ఆమె ముఖం చూస్తున్నారు. ఆమె చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చి దిగాక మెల్లగా అన్నారు:

"మంచిగున్నది. గని నడుస్తుందో ఆగిందో నాకు తెలుస్తలేదు."

ఆయన అన్నం కూడా తినకుండా షెడ్డులోకి వెళ్లిపోయారు. సాయంత్రం ఆమెని పిలిచి, ఆమె కూర్చునే చోట రబ్బరు తీసేశానని చూపించారు. ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడమరిచి చెప్పారు: "చప్పుడు మాకొద్దు. గని నీ కారు నీ చేతికి తెల్వాలె."

మళ్లీ బయల్దేరాం. గుట్టల మధ్య కొత్తగా వేసిన రోడ్డు, ఇంకా దీపాలు బిగించని స్తంభాలు. ముందు సీట్లో మాకు గాలి తప్ప ఏమీ వినిపించడం లేదు. కాసేపటికి వెనక నుంచి సన్నగా కూనిరాగం మొదలైంది. శ్రుతి ఎటెటో పోతోంది. ఆమెకి ఆ సంగతి తెలియదు.

"పెండ్లయిన కొత్తల పాడేది, జెరం రాకముందు," అన్నారు పెద్దనాన్న, ముందుకే చూస్తూ.

ఇంటివైపు తిరగాల్సిన మలుపు వచ్చింది. ఆయన తిప్పలేదు. కారుని అలాగే పోనిచ్చారు.