పెరగకూడని చేప

పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు మా ఆవిడ మొదటిసారి నన్ను అబద్ధం చెప్పమని అడిగింది. అదీ పొద్దున్నే, డ్యూటీకి తయారై, చాలా మర్యాదగా.

"ఏమండీ, ఆ కొరమేను కథ ఉంది కదా. మా ఆసుపత్రికొచ్చి చెప్తారా?"

చేతిలో ఇడ్లీ ముక్క చట్నీలో పడిపోయింది. ఆ కథ మొదలుపెడితే చాలు, పొయ్యి మీద కుక్కర్ చూడాలంటూ లేచి వెళ్ళిపోయే మనిషి. పొయ్యి మీద కుక్కర్ లేకపోయినా వెళ్తుంది.

నాకు బెజవాడ వన్ టౌన్‌లో వలలు, తాళ్ళు అమ్మే కొట్టుంది. బందరు వైపు సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు, కొల్లేటి వాళ్ళు, చేపల చెరువుల వాళ్ళు వస్తుంటారు. ఆ బేరంలో ముందు చేప సంగతి తేలాలి, తర్వాతే వల సంగతి. వాళ్ళు మూరెడు చేప చెప్తే నేను బారెడు చేప చెప్పాలి, లేకపోతే కొట్టుకు గౌరవం ఏముంది? అలా పుట్టింది మా తాత కొరమేను. కొల్లేట్లో ఆయన గాలానికి తగిలిన ఆ చేప, తాడు తెంచుకోవడం తనకు నామోషీ అనుకుని, పడవనే లాక్కుంటూ ఏలూరు కాలువలో ఎదురీది బెజవాడ వచ్చేసింది. దారిలో నీళ్ళాపే లాకు అడ్డమొస్తే తోకతో తలుపు తట్టి ఆగింది. లాకు మనిషి బయటికొచ్చి "పడవెవరిదయ్యా?" అంటే, మా తాత "నన్నడుగుతావేంటి, తోలేవాణ్ణి అడుగు" అని నీళ్ళలోకి చూపించాడు. ఇందులో తాత నిజం, పడవ నిజం. కాలువ ఇప్పటికీ ఉంది, అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు.

మా ఆవిడ గుణదల వైపు ఒక కంటి ఆసుపత్రిలో నర్సు. నలభై దాటాక ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరింది. పాఠాలు చెప్పాలని ఆమె కోరిక. ఆసుపత్రి వాళ్ళు చదువుకు ఒక్కసారే వెసులుబాటు ఇస్తామన్నారు. ఆ ఏడాది పరిశోధన గట్టెక్కితే నర్సింగ్ కాలేజీలో ఉద్యోగం, లేకపోతే రిటైరయ్యేదాకా వార్డే.

ఆమె ఎంచుకున్న విషయం శుక్లాల ఆపరేషన్‌కు ముందు పెద్దవాళ్ళకు పుట్టే భయం. పల్లెల నుంచి వ్యాన్లలో వస్తారు. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి గదిలో కూర్చోబెడతారు. చుక్కలు పడేకొద్దీ చూపు మసకబారుతుంది, భయం పెరుగుతుంది. ఆ కాసేపు కథ వినిపిస్తే భయం తగ్గుతుందా అన్నది ఆమె ప్రశ్న.

భయాన్ని కొలవడానికి ముందు నవ్వు ముఖాలు, ఏడుపు ముఖాలు గీసిన అట్ట తయారుచేసింది. చుక్కలు పడ్డవాళ్ళకు అట్టే కనపడలేదు, ముఖాలెక్కడ కనపడతాయి? అప్పుడు ఎవరో ముసలాయన "రూపాయికి పద్నాలుగణాల భయంగా ఉందమ్మా" అన్నాడట. ఆమెకు దారి దొరికింది. నాకు గుర్తున్న పెద్దవాళ్ళందరూ కష్టాన్నీ సుఖాన్నీ అణాల్లోనే చెప్పేవాళ్ళు. గైడు మేడమ్ గారు ఆ కొలతను నలుగురు నిపుణులకు చూపించి, సరేననిపించారు. మొదటి రోజే ఒక పెద్దావిడ "రూపాయిన్నర" అంది.

"రూపాయికి మించి లేదు పిన్నిగారూ."

"మీ దగ్గర లేకపోతే నేనేం చేసేదమ్మా, నా దగ్గరుంది."

నేను కథ చెప్తాను, అణాలు తగ్గుతాయి, పని అయిపోయింది కదా అనుకున్నాను. కాదట.

"కథ వినని వాళ్ళు కూడా కావాలండీ," అంది మా ఆవిడ.

"వినని వాళ్ళెందుకు? వాళ్ళేం పాపం చేశారు?"

"చుక్కలేసి గంట కూర్చోబెడితే ఆ గదికే అలవాటుపడి తగ్గుద్దేమో. మీ చేప వల్లే తగ్గిందని ఎట్టా తెలుస్తుంది? అందుకని కొంతమందికి కథ, కొంతమందికి ఊరికే ఒక సిస్టర్ వచ్చి అంతసేపూ దగ్గర కూర్చుంటుంది. ఎవరికి ఏదో చీటీ తీసి తేలుస్తాం. అణాలు అడిగే అమ్మాయికి ఎవరిది ఏ చీటీయో తెలీదు."

"మరి నాకు?"

"మీకు తెలియాల్సింది ఒకటే. కథ అందరికీ ఒకేలా చెప్పాలి."

సరేనన్నాను. వలల కొట్టు మీద ఒట్టు, ఒకేలా చెప్దామనే వెళ్ళాను.

అసలు పరిశోధనకు ముందు కొద్దిమందితో చేసి చూస్తారు. ఆ నాలుగు రోజుల్లోనే రెండు ముప్పులొచ్చాయి. మొదటిది చీటీ. ఒక వ్యానులో మొగుడూ పెళ్ళాం వచ్చారు. ఆయనకు కథ చీటీ, ఆవిడకు ఊరికే కూర్చునే చీటీ. ఆవిడ అలిగింది. "ఆయనకేమో కథంట, నాకేమో కుర్చీ అంట. ఇక్కడ కూడా మగాళ్ళకే ముందా?" అని సిస్టర్ మొహమ్మీదే అనేసి, పక్క గదిలోకి నడిచి ఆయన్ని అడిగి కథంతా చెప్పించుకుంది. పెట్టుపోతల్లో ఒకరికిచ్చి ఒకరికి మానేస్తే ఊరుకునే ఊళ్ళా ఇవి? కాస్త కూర వండితే గోడ మీంచి గిన్నె పక్కింటికి వెళ్ళాల్సిందే. కథ ఆగుతుందా?

రెండో ముప్పు నేను. గైడు మేడమ్ గారు రెండు రోజులు వెనక బెంచీలో కూర్చున్నారు. నాకు తెలియదు, తెలిస్తే ఇంకా బాగా చెప్పేవాణ్ణి. కథ అయ్యాక మా ఆవిణ్ణి బయటికి పిలిచారు. వెనకే నేనూ వెళ్ళాను, మెచ్చుకుంటారేమోనని.

"మీవారి చేప మొన్న అరుగంతుందమ్మా. ఇవాళ లారీ అంత."

"అది వినేవాళ్ళని బట్టి ఉంటుంది మేడమ్," అన్నాను.

"అదే కదండీ చిక్కు. ఇవాళ ఒక మోతాదు, రేపు ఇంకో మోతాదు ఇచ్చి, మందు పనిచేసిందని రాస్తే ఒప్పుకుంటారా? ఏ చేప పనిచేసిందని రాయాలి?" మా ఆవిడ వైపు తిరిగారు. "ఇట్లాగైతే కమిటీ దగ్గర నిలబడదమ్మా. సరిచేసుకు రండి, లేదంటే విషయం మార్చుకోండి. విషయం మారిస్తే మాత్రం ఈ ఏడాది కాదు."

ఇంటికి రాగానే మా ఆవిడ పరిశోధన కాగితాలన్నీ కట్టగట్టి అటక మీద పెట్టేసింది. తిట్టినా బాగుండేది. కథల వల్ల తిట్లు తినడం నాకు కొత్త కాదు కానీ, కథ వల్ల మనిషి చదువు అటకెక్కడం కొత్త.

మర్నాడు ఆ కట్ట కిందికి దించి, చీటీ సంగతి ఆమే సరిచేసుకుంది. ఇకపై మనిషికో చీటీ కాదు, వ్యానుకో చీటీ. వ్యానంతా కథ, లేదా వ్యానంతా కుర్చీ. ఒక ఊరి నుంచి ఒక్క వ్యానే. మొగుడూ పెళ్ళాల తగాదా తీరింది. ఇక చేప మిగిలింది. దాన్ని ఫోనులో రికార్డు చేసి అందరికీ అదే వినిపిద్దామంది.

కొట్లో షట్టర్ సగం దించి, ఫోను ముందు పెట్టుకుని చెప్పాను. ఇంటికి తెచ్చాను. మా ఆవిడ విని మొహం అదోలా పెట్టింది.

"ఇదేంటండీ, ఎరువుల షాపు కరపత్రం చదివినట్టుంది."

"ఎదురుగా మనిషి లేకపోతే చేప కదలదే."

"కదిలితే పెరుగుద్ది. పెరగకూడదనే కదా ఈ గోలంతా."

రెండోసారీ అంతే. మూడోసారి నా గొంతు వింటే నాకే జాలేసింది. ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక, ఆమె కుర్చీ తెచ్చి డాబా మీద నా ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఫోను మధ్యలో ఉంది.

"చెప్పండి. కుక్కర్ లేదు, ఏం లేదు. వింటా."

ఇరవై ఏళ్ళలో ఆ కథ నా ఎదురుగా కూర్చుని చివరిదాకా ఆమె వినడం అదే మొదలు. తాత గాలం వేశాడు. చేప తగిలింది. పడవ కదిలింది. ఆమె మొహం చూస్తుంటే చేపను ఇంకాస్త పెంచాలని నాలుక దురద పెట్టింది. ఆమె వేలు చూపించింది, నేను చేపను అరుగంత దగ్గరే ఆపాను. లాకు వచ్చింది. "నన్నడుగుతావేంటి, తోలేవాణ్ణి అడుగు" అన్నాను. మా ఆవిడ ఫక్కున నవ్వింది. నోరు మూసుకుంది, అయినా ఆగలేదు. నవ్వు రికార్డయిపోయింది.

"తీసేద్దామా?" అంది తర్వాత.

"ప్రాణం పోయినా తీయను."

మేడమ్ గారు విన్నారు. "ఆ నవ్వు కూడా అందరికీ ఒకటే కదా. ఉండనివ్వండి," అన్నారు. అంత న్యాయమైన మాట నేను ఏ కోర్టులోనూ వినలేదు.

అసలు పరిశోధన జరిగినన్నాళ్ళూ నన్ను ఆసుపత్రి గేటు దాటి లోపలికి రావద్దన్నారు. కొట్లోనే కూర్చున్నాను. ఒక రోజు పామర్రు దగ్గర చెరువులున్న ఒకాయన వల కోసం వచ్చాడు. బేరం మధ్యలో, "మా అత్తమ్మ కళ్ళాపరేషన్‌కెళ్ళి ఒక కథ తెచ్చిందండీ. కొరమేనంట, మూడు పడవలు లాగిందంట. పైగా లాకు మనిషితో మాట్లాడిందంట!" అన్నాడు. చేప మాట్లాడటం నాకెందుకు తోచలేదని కుళ్ళుకున్నాను. వెంటనే అసలు సంగతి తట్టింది. కథ ఊళ్ళలోకి పోయింది. ఇంకా రావాల్సిన వ్యాన్లలో వాళ్ళు ముందే వినేసి వస్తే?

చెప్పకుండా ఉండిపోవచ్చు. సాయంత్రం చెప్పాను. మా ఆవిడ కాసేపు నెత్తి పట్టుకుంది, తర్వాత పెన్ను పట్టుకుంది. మర్నాటి నుంచి అణాలతో పాటు ఇంకో ప్రశ్న కూడా వేశారు: "చేప పడవ లాగిన కథ ఇంతకుముందెక్కడన్నా విన్నారా?" ఒకరిద్దరు విన్నామన్నారు. ఆ సంగతి ఆమె దాచకుండా థీసిస్‌లో రాసింది.

ఫలితం వచ్చిన రోజు నేను జిలేబీలు తెచ్చాను. కథ విన్నవాళ్ళకు అణాలు తగ్గాయి. కుర్చీ వాళ్ళకూ తగ్గాయి. నా వాళ్ళకు కాస్త ఎక్కువ తగ్గాయి, అంతే.

"కాస్తా? నా చేపకీ ఆ కుర్చీకీ తేడా ఇంతేనా?"

"ఇంతేనండీ. మనిషి దగ్గర కూర్చుంటే కూడా భయం తగ్గుద్దని తేలింది. కుర్చీ వాళ్ళు లేకపోతే అదంతా మీ గొప్పే అనుకునేవాళ్ళం." జిలేబీ తీసుకుంటూ అంది. ఎందుకో ఆమెకు అది ఓటమిలా అనిపించినట్టు లేదు.

మౌఖిక పరీక్షలో అదే పట్టుకున్నారట. తేడా కొద్దిగే ఉంటే కథెందుకు, సిస్టర్‌నే కూర్చోబెట్టవచ్చు కదా అని. "గంటసేపు దగ్గర కూర్చునే తీరిక ఏ వార్డులో ఏ సిస్టర్‌కి ఉంది సార్? కూర్చోగలిగితే కూర్చోబెట్టండి. కూర్చోలేని రోజున ఈ రికార్డింగు పెట్టండి. నా లెక్క చెప్పేది అంతవరకే, అంతకుమించి చెప్పను," అందట మా ఆవిడ. నేను లోపల లేను, ఆమె చెప్పిందే చెప్తున్నాను. అందుకే ఈ భాగంలో ఏదీ పెరగలేదు.

పాసైంది. ఇప్పుడు కాలేజీలో పరిశోధన పద్ధతులు ఆమే చెప్తుంది. ఏడాదికోసారి నన్ను క్లాసుకు పిలిచి, కొరమేను కథ పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి చెప్పిస్తుంది. పిల్లలు తేడాలు రాసుకుంటారు. మందు ఎలా ఉండకూడదో చూపించడానికి నేను పనికొస్తానట.

ఈ ఏడాది ఆమె పాఠం పాడుచేద్దామని గట్టిగా అనుకున్నాను. పొద్దున చెప్పింది చెప్పినట్టు, మాట పొల్లుపోకుండా చెప్పుకొచ్చాను. మా ఆవిడకు చెమట పట్టింది. లాకు దాకా వచ్చేశాను. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి, ఒకసారి విన్నదే అయినా, నోరు తెరుచుకుని ముందుకు వంగింది.

ఏం చేయను? చేప లాకు మనిషితో మాట్లాడింది.