అనంతగిరి గుట్టెక్కని స్కూటర్

మాది పెద్దేముల్ దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. పోయిన ఎండాకాలం పొట్టేళ్లు అమ్మిన డబ్బంతా జేబులో పెట్టుకుని, పాత కరెంటు స్కూటర్ కొనడానికి మా ఆయన నన్ను వికారాబాద్ తీసుకెళ్లారు. అక్కడ మాకు చూపించిన బండి మీటరులో చార్జింగ్ నిండుగా ఉంది.

“గిది ఇయ్యాల తిన్న తిండి తమ్మీ. బ్యాటరీ ముసల్దయిందో, వయసుల ఉన్నదో ఎట్ల తెలుస్తది?” అని అమ్మే అబ్బాయిని అడిగాను.

“అది గిండ్ల కనవడదక్కా. ఫికర్ చెయ్యకు, మస్తు ఉరుకుతది.”

“పళ్లు చూసి వయసు లెక్కవెట్టంది మేం పొట్టేలునే కొనం. అనంతగిరి గుట్టెక్కిచ్చి చూస్తం,” అంటూ మా ఆయన వెనక ఎక్కి కూర్చున్నాను. ఆ అబ్బాయి తన దోస్తు బైకు మీద మా వెంట వచ్చాడు.

సగం గుట్టలో స్కూటర్ ఠక్కున ఆగిపోయింది. మీటరు మాత్రం ఇంకా సగం చార్జింగ్ చూపిస్తోంది! నేను చీర ఎగదోపి తోస్తుంటే, కార్లలో పోయేవాళ్లు ఫోన్లు తీసి వీడియో పట్టారు. మా ఆయన తలెత్తితే ఒట్టు.

“నిజం చెప్పు తమ్మీ, బ్యాటరీకి ఎన్నేండ్లు?” అని గట్టిగా అడిగాను.

“నీ తోడు అక్కా, నాకూ తెల్వదు. నేను కొన్ననాడు గూడ గిట్లనే ఫుల్ చూపిచ్చింది!”

అంత కోపంలోనూ నాకు నవ్వు ఆగలేదు. డబ్బు జేబులోనే ఉండిపోయింది. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ తెలియని ఆ సంగతిని, బండి చేసినవాళ్లు మీటరులోనే చూపిస్తే వాళ్ల సొమ్మేం పోతుందో!